మనవణ్ణి ఎత్తుకునే ముందు ఓ ఇంజెక్షన్

అమెరికాలో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయంటే ఇక్కడ అమ్మానాన్నలు పెట్టెలు సర్దడం మొదలుపెడతారు. కాన్పు ఏ అక్టోబరులోనో పడిందంటే, దిగిన వారంలోపే అల్లుడు అడుగుతాడు: "మావయ్యా, పక్కనే ఫార్మసీ ఉంది, ఫ్లూ షాట్ వేయించుకొద్దామా?" పెద్దాయనకు రెండు అనుమానాలు. ఒంట్లో బాగానే ఉండగా ఇంజెక్షన్ ఎందుకు? డాక్టరు లేకుండా మందుల షాపులో వేయించుకోవడమేంటి?

ఎందుకంటే, ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా వేయరు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేయించుకుంటే బిడ్డకు కొంత రక్షణ అందుతుంది. ఆపైన, ఎత్తుకునేవాళ్లు జబ్బు అంటించకుండా ఉండాలి. నీళ్లు పోసేదీ, ఒళ్లో పడుకోబెట్టుకునేదీ అమ్మమ్మే కదా. పైగా అరవై అయిదు దాటినవాళ్లకు ఫ్లూ ముదిరి న్యుమోనియాలోకి దిగే ముప్పు ఎక్కువ.

ఇక రెండోది. మన దగ్గర మెడికల్ షాపు వాళ్లు టీకా అమ్ముతారు, దాన్ని చల్లగా పట్టుకెళ్లి క్లినిక్కులో వేయించుకుంటాం. అమెరికాలో ఫార్మసిస్టులే శిక్షణ పొంది వేస్తారు, 50 రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకుంటుంది. వాల్‌గ్రీన్స్, సీవీఎస్, కాస్ట్‌కో, ఎక్కడైనా ఇదే పద్ధతి.

ముందు ఓ ఫారం ఇస్తారు. ఇవాళ జ్వరం ఉందా, ఇంతకుముందు ఏ టీకా అయినా వికటించిందా, ఎలర్జీలున్నాయా అని అడుగుతారు. చదవకుండా అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయడం మనవాళ్లకు అలవాటే. ఈ ఫారంలో మాత్రం వద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఫారంలో అడగకపోయినా చెప్పండి.

వయసు కూడా గట్టిగానే చెప్పండి. అరవై అయిదు దాటినవాళ్లకు మామూలు టీకా కన్నా మూడు రకాలు మేలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫారసు: మందు మోతాదు ఎక్కువున్నది, రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం కలిపినది, గుడ్డు వాడకుండా తయారుచేసినది. ఈ మూడోది వినగానే శాకాహారులు సంబరపడతారు గానీ, దాన్ని పురుగుల కణాల్లో తయారుచేస్తారు. కాబట్టి ఆ లెక్కలు మానేసి, మూడింటిలో ఏది ఉంటే అది వేయించుకోవడమే నయం.

కుడిచేతి వాటమైతే ఎడమ చేతికి వేయించుకోండి. తర్వాత పావుగంట అక్కడే కూర్చోమంటారు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం మామూలే. అది చూసి "టీకా వల్లే ఫ్లూ పట్టుకుంది" అంటారు. ఇంజెక్షన్‌గా వేసేదాంట్లో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. అయితే రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది. ఆలోపు ఫ్లూ సోకితే నింద టీకా మీద పడుతుంది. టీకా తర్వాత కూడా కొందరికి ఫ్లూ రావచ్చు, అయితే అది ప్రాణాల మీదికి వచ్చే అవకాశం తగ్గుతుంది.

నిరుడు వేయించుకున్నామంటే చాలదు. వైరస్ రూపు మార్చుకుంటుంది, టీకా ఇచ్చిన రక్షణా తగ్గిపోతుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో రాబోయే చలికాలపు టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో సూచిస్తుంది.

అక్కడ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు సాధారణంగా ఉచితమే. చూసిపోవడానికి వెళ్లేవాళ్లు తీసుకునే విజిటర్ పాలసీలు మాత్రం చాలావరకు టీకాలకు డబ్బివ్వవు. అందుకని చొక్కా చేయి మడిచే ముందే ధర అడగండి. ఎక్కువనిపిస్తే ఆ ఊరి కౌంటీ ఆరోగ్య శాఖను వాకబు చేయండి. కొన్నిచోట్ల తక్కువకో ఉచితంగానో వేస్తారు. వచ్చేటప్పుడు టీకా పేరు, తేదీ ఉన్న కాగితం అడిగి తీసుకుంటే, తిరిగొచ్చాక ఇక్కడి డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది.