పాత జిప్సీ స్టీరింగ్ వణికితే లోపం ఎక్కడ?

మారుతి జిప్సీ 1985లో భారత రహదారుల మీదికి వచ్చింది. 2019లో సాధారణ కొనుగోలుదారులకు దాని అమ్మకం నిలిచిపోయింది. సైన్యం వేలంలో అమ్మినవి, జిమ్ కార్బెట్, రణథంబోర్ అడవుల్లో పర్యాటకులను తిప్పి అలసినవి మాత్రం నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వాటి కొత్త యజమానుల నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లో గజగజలాడుతుంది. వేగం బాగా తగ్గిస్తే గానీ ఆగదు. ఘాట్ రోడ్డు మలుపులో ఇది ప్రాణాంతకం కావచ్చు.

సాధారణంగా మొదటి అనుమానం టైర్ల మీదికి పోతుంది. వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించడంలో తప్పు లేదు, ఖర్చూ తక్కువే. అప్పటికీ వణుకు తగ్గకపోతే చాలామంది కొత్త స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తారు. అది వణుకును కొంతకాలం అణచిపెడుతుందే తప్ప కారణాన్ని తొలగించదు. అమ్మకానికి పెట్టిన పాత బండిలో డ్యాంపర్ ఒక్కటే తళతళలాడుతుంటే కొనుగోలుదారు కొంత అనుమానించడమే మంచిది.

జిప్సీ ముందు ఇరుసు ఒకే దృఢమైన కడ్డీ. దాని రెండు కొసల్లో చక్రాన్ని పక్కలకు తిప్పే నకుల్ ఉంటుంది. అది పైన ఒకటి, కింద ఒకటి ఉన్న కింగ్‌పిన్ బేరింగ్‌ల మీద తిరుగుతుంది. బురద, నీరు చేరి గ్రీజు పాడైతే ఆ బేరింగ్‌లు అరిగి వదులవుతాయి.

దీన్ని ఇద్దరు మనుషులు, ఒక జాకీ ఉంటే తేల్చవచ్చు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకొని ఊపాలి. కదలిక ఉంటే రెండో వ్యక్తి బ్రేకు తొక్కి ఉంచాలి. అప్పుడు కదలిక పోతే లోపం వీల్ బేరింగ్‌ది. బ్రేకు నొక్కినా చక్రం ఊగుతూనే ఉంటే కింగ్‌పిన్ బేరింగ్‌ది. కుడి ఎడమలుగా పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్‌లను చూడాలి.

బేరింగ్‌లను బయటి రింగులతో సహా రెండు వైపులా మార్చడం మేలు. బిగుతును షిమ్‌లు అనే పలుచని రేకులతో సరిచేస్తారు. వదులైతే వణుకు మళ్లీ వస్తుంది. మరీ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. అందుకే నకుల్‌ను కదిలించడానికి పట్టే బలాన్ని స్ప్రింగ్ త్రాసుతో కొలుస్తారు. చాలా షెడ్లలో ఈ పనిని చేతి అంచనాకే వదిలేస్తున్నారు.

బేరం కుదిరే ముందు డిఫరెన్షియల్ ఆయిల్ కూడా కొద్దిగా తీసి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. వేడెక్కిన ఇరుసు చల్లని వాగులో దిగగానే లోపలి గాలి సంకోచిస్తుంది. బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే అరిగిన సీళ్ల గుండా నీటిని లాక్కుంటుంది. ఆయిల్ మార్చి బ్రీదర్ శుభ్రం చేసినా, అప్పటికే గేర్ పళ్లకు పట్టిన తుప్పు పోదు.