మీకు తెలుసా? పొట్ట మీద స్టిక్కరు, లోపల కరెంటు!

పురిటి నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భసంచిలో కరెంటు పుడుతుంది! అవును, నిజంగా కరెంటే! గర్భసంచి అంతా కండరం కదా. అది బిగుసుకోవాలంటే ముందు విద్యుత్ సంకేతం పుట్టాలి. ఆ సంకేతం పొట్ట చర్మం దాకా వచ్చేస్తుంది. అక్కడ స్టిక్కరులా ఒక ఎలక్ట్రోడు అతికిస్తే చాలు, దొరికిపోతుంది! ఇంతకీ అది ఎంత ఉంటుందనుకున్నారు? మిల్లీవోల్టులో ఓ పిసరు! గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ ముందు అది లెక్కలోకే రాదు!

ఇదేదో నిన్న మొన్నటి కంప్యూటర్ల మహిమ అనుకుంటున్నారా? కాదు! బోడే అనే వైద్యుడు ఈ కరెంటు గురించి జర్మన్ వైద్య పత్రికలో రాసింది 1931లో! ఈ కరెంటును రికార్డు చేసే పద్ధతికి ఎలక్ట్రోహిస్టెరోగ్రఫీ అని నోరు తిరగని పేరు పెట్టారు. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, ఆ ఏడాది మాత్రం గుర్తుంచుకోండి!

అసలు చిక్కు ఎక్కడుందో తెలుసా? పొట్ట మీద ఒకటే గోల! అమ్మ గుండె చప్పుడు, అమ్మ ఊపిరి, బిడ్డ గుండె, అన్నీ కలిసి వస్తాయి. వాటిలో గర్భసంచి మాట ఏదో ఎలా తెలియాలి? ఇక్కడే తమాషా! ఊపిరి సాధారణంగా నిమిషానికి 20 సార్లు దాటదు. గుండె 60కి పైనే కొట్టుకుంటుంది. గర్భసంచి సంకేతంలో ముఖ్యమైన భాగం సరిగ్గా ఈ రెంటి సందులోంచే వినిపిస్తుంది! పరిశోధకులు మిగతా చప్పుళ్లన్నీ జల్లించేసి, ఆ సన్నటి సందుకే చెవి ఒగ్గుతారు. ఎంత చక్కటి ఉపాయమో చూడండి!

ఇంకో రహస్యం! గర్భం మోస్తున్నంత కాలం గర్భసంచి కణాలు ఒకదానితో ఒకటి పెద్దగా మాట్లాడుకోవు. పురుడు దగ్గర పడగానే వాటి మధ్య సన్నటి దారులు పుట్టుకొస్తాయి! ఆ దారుల్లో కరెంటు పరుగెడుతుంది. కణాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి! రాబర్ట్ గార్‌ఫీల్డ్ బృందం ఈ సంగతిని ఎలుకల్లో చూసి 1977లో ప్రకటించింది. అందుకే చర్మం మీది స్టిక్కరు, పురుడు ఎంత దగ్గరపడిందో కూడా చెబుతుందేమోనని శాస్త్రవేత్తల ఆశ!

దొంగ నొప్పులు మీకు తెలిసినవే! హడావిడిగా ఆసుపత్రికి వెళ్తే, ఇంకా టైముందమ్మా అని వెనక్కి పంపేస్తారు. వాటిని బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండు వైద్యుడు వివరించింది 1872లో! ఆసుపత్రిలో పొట్టకు కట్టే మామూలు బెల్టు, పొట్ట గట్టిపడిందా లేదా అన్నంతవరకే చెబుతుంది. ఎలక్ట్రోడు అయితే ఆ బిగుతు వెనుక కరెంటు తీరు ఎలా ఉందో చూపిస్తుంది. దొంగ ఎవరో దొర ఎవరో అక్కడే పట్టుకోవాలి!

ఇక అబుదాబికి రండి! అక్కడి ఖలీఫా విశ్వవిద్యాలయంలో ఆహ్సాన్ ఖందోకర్ బృందం ఇదే స్టిక్కర్ల దారిలో బిడ్డ గుండెను వింటోంది. జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయం వారితో కలిసి చేసిన పని ఇది. తల్లి ఒంటి మీద ఏకంగా 12 ఎలక్ట్రోడ్లు! చాలావరకు పొట్ట మీదే! బిడ్డ గుండె కరెంటు అమ్మ గుండె కరెంటు కింద మునిగిపోయి ఉంటుంది. దాన్ని పైకి లాగడమే వీళ్ల విద్య!

అంతలో బిడ్డే అడ్డు తగులుతుంది! సుమారు 28వ వారం నుంచి కొన్ని వారాల పాటు, బిడ్డ ఒంటి మీద వెన్నపూస లాంటి తెల్లటి పూత కమ్ముకుంటుంది. కరెంటు దాన్ని దాటి రావడం కష్టం! సంకేతం సన్నబడిపోతుంది. స్టిక్కర్లకు ఇది గడ్డుకాలమే!

మరి ఏం చేశారు? చప్పుడునే నేరుగా విన్నారు! అబుదాబి బృందం అమ్మ పొట్ట మీద పెట్టే 4 మైకుల పరికరాన్ని పరీక్షించింది. మైకుల్లో వినపడ్డ గుండె దెబ్బలను ఎలక్ట్రోడ్లు చూపిన దెబ్బలతో ఒక్కొక్కటిగా సరిపోల్చారు. ఓపిక అంటే అదీ!

ఇది మరీ ముచ్చటైనది! అమ్మ గుండెకూ బిడ్డ గుండెకూ మధ్య లయ జోడీ కుదురుతుందట! కంప్యూటరుకు నేర్పించి ఆ జోడీని పట్టుకున్నామని ఇదే బృందం 2022లో రాసింది. బామ్మలు ఈ మాట వింటే, ఇది మాకెప్పుడో తెలుసులే అంటారు!

అదే అబుదాబి ఎమిరేట్‌లో ఒకప్పుడు స్టిక్కర్ల మాట అటుంచండి, ఆసుపత్రే లేదు! 1960లో అమెరికా వైద్య దంపతులు పాట్, మేరియన్ కెన్నెడీ అల్ ఐన్‌కు వచ్చి మట్టి ఇటుకల ఇంట్లో వైద్యం మొదలుపెట్టారు. పురుళ్లూ అక్కడే! ఎమిరేట్స్ అనే దేశం పుట్టకముందే పుట్టిన ఆసుపత్రి అది! నేటి కనద్ ఆసుపత్రి అదే!

మళ్లీ గర్భసంచి కరెంటు దగ్గరికే వద్దాం! ఇప్పుడు ఎలక్ట్రోడ్ల లెక్క పెద్దదవుతుంది, చూడండి! ఐస్‌లాండ్‌లో 16 ఎలక్ట్రోడ్లను పొట్ట మీద నాలుగు వరుసలుగా అతికించి రికార్డు చేశారు. ఆ రికార్డులను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తీసుకుని పరిశోధించుకోవచ్చు!

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో అయితే దాదాపు 200! పొట్టా వీపూ అన్నీ ఎలక్ట్రోడ్లే! గర్భసంచిలో బిగుతు ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో రంగుల పటంగా గీశారు. గుండెకైతే ఆజ్ఞ పుట్టే చోటు ఒకటి ఖాయంగా ఉంటుంది. గర్భసంచికి అలాంటి చోటు కనపడలేదు! ఈ నొప్పి ఇక్కడ మొదలైతే, వచ్చే నొప్పి ఇంకెక్కడో!

అసలు స్టిక్కరే అక్కర్లేదంటే? ఆర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో హరి ఈశ్వరన్ బృందం దగ్గర ఒక వింత కుర్చీ ఉంది! తల్లి అందులో కూర్చుని ముందుకు వాలితే చాలు. 151 సెన్సర్లు పొట్టలోంచి వచ్చే అయస్కాంత సంకేతాలను పట్టుకుంటాయి! పొట్టకు ఎలక్ట్రోడ్లు అతికించరు!

ఇంత ఆరాటం ఎందుకంటారా? నెలలు నిండకుండా వచ్చే కాన్పును ముందే పసిగట్టాలని! 2020లో ఒక్క భారతదేశంలోనే 30 లక్షలకు పైగా పిల్లలు అలా పుట్టారు. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ అంతమంది లేరు!

చివరగా చెవిలో ఒక మాట! ఎలక్ట్రోడుకు నూనె అంటే పడదు! స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో 300 మంది గర్భిణుల పొట్టల మీద ఇలా రికార్డు చేసినప్పుడు, చర్మాన్ని ముందు బాగా శుభ్రం చేసి, కరెంటుకు అడ్డు ఎంతుందో కొలిచాకే మొదలుపెట్టారు. దుబాయ్‌లో ఉన్నా గుడివాడలో ఉన్నా, స్టిక్కరు పరీక్ష ఉన్న రోజున పొట్టకు కొబ్బరినూనె రాసుకోకండి!