తాడు కనవడది, ప్రేమ మాట్లాడది

శంషాబాద్ దగ్గర నర్కూడ అమ్మపల్లి గుడి కాడ షూటింగులు జూసినోళ్లకు ఎరుకే: హీరో గాల్ల లేస్తే క్రేనుకు గట్టిన తాడే లేపుతది. ఆంగ్ లీ తీసిన చైనా సినిమా ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ (2000)ల వెదురు కొమ్మల మీది కత్తి ఫైటు గూడ గట్లనే తీసిండ్రు. తర్వాత కంప్యూటర్ల తాళ్లు చెరిపేసిండ్రు. ఫైట్లు యువెన్ వూ-పింగ్‌వి. 2001ల నాలుగు ఆస్కార్లొచ్చినయ్.

గని కథల బరువంతా ప్రేమ మీదున్నది. లీ మూ బాయ్, యూ షూ లియెన్‌కు ఒకలంటే ఒకలకు పానం. ఆమెను జేసుకోవాల్సినోడు సచ్చిపోయిండు. ఆయన లీకి తోడవుట్టినోనసొంటోడు. ఆయన మీది మర్యాదతోని ఇద్దరూ ఏండ్లకేండ్లు నోరిప్పరు. పానం పొయ్యేటప్పుడు గాని లీ మనసుల మాట జెప్పడు.

డీవీడీల జూసేటప్పుడు రిమోట్ మన చేతిలనే ఉంటది. ఫైట్ల కోసమని మాటల్లేని సీన్లు ఉరికియ్యకుండ్రి. కథ ఆడనే ఉన్నది.