సీఫుడ్ రెస్టారెంట్‌కు పిల్లలతో వెళ్తున్నారా? ముందుగా కొన్ని మాటలు



పదో తరగతి ఫలితాలు, పుట్టినరోజు, అక్కకు ఉద్యోగం, అమ్మానాన్నల పెళ్లిరోజు... ఇలాంటి సందర్భం రాగానే హైదరాబాద్ వెళ్లి, ఒక మంచి సీఫుడ్ రెస్టారెంట్‌లో ఇంటిల్లిపాదీ కూర్చుని తినాలని పిల్లలు అడుగుతున్నారు. కరీంనగర్ నుంచైనా, ఆదిలాబాద్ నుంచైనా అది ఒక రోజు ప్రయాణం, వేలల్లో ఖర్చు. అంత దూరం వెళ్లాక మెనూ అర్థం కాక, ధర అడగడానికి మొహమాటపడి, ఏదో ఒకటి చెప్పేసి తినివస్తే సంతోషం సగమే మిగులుతుంది. తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులు చాలామంది మెనూ కార్డును పిల్లల చేతికిచ్చి మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం అవసరం లేదు. ఇంగ్లీష్ పేర్లు పిల్లలకు తెలిస్తే, చేప మీకు తెలుసు. ఈ రెండూ కలిస్తేనే ఆర్డర్ సరిగ్గా ఉంటుంది.

మెనూలో ఒక పేరు, మన ఇంట్లో ఒక పేరు

సీర్ ఫిష్ అన్నా, కింగ్ ఫిష్ అన్నా మన వంజరమే. పాంఫ్రెట్ అంటే చందువ. సీబాస్ లేదా బారాముండి అని ఉంటే అది పండుగప్ప. ప్రాన్స్ రొయ్యలు. క్రాబ్ అంటే మనం ఎండ్రకాయ అంటాం, కోస్తా వాళ్లు పీత అంటారు. మర్రెల్ అంటే కొర్రమీను. ఇది మన తెలంగాణ రాష్ట్ర చేప. చెరువుల్లో, కుంటల్లో పెరిగే మంచినీటి చేప అయినా హైదరాబాద్ సీఫుడ్ మెనూల్లో తరచుగా కనిపిస్తుంది. బాసా కూడా సముద్రపు చేప కాదు. వియత్నాం వైపు నదుల్లో పుట్టిన జాతి, ముల్లు తీసిన ముక్కలుగా వస్తుంది. కాబట్టి మెనూలో ఉత్త 'ఫిష్' అని మాత్రమే రాసి ఉంటే, "ఇది ఏ చేప?" అని అడగండి. సముద్రపు చేప తిందామని అంత దూరం వెళ్లినప్పుడు ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

పులస గురించి పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి. గోదావరి మన బాసర, ధర్మపురి, మంథని మీదుగానే పోతుంది. కానీ పులస మన దాకా రాదు. అది సముద్రంలో బతికే చేప. వానాకాలంలో వరద నీటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాని దారికి అడ్డం. అందుకే అది ఎక్కువగా గోదావరి జిల్లాల్లో దొరుకుతుంది, ధర కూడా అంత ఎక్కువగా ఉంటుంది.

ఫలితాల సీజన్‌లో సముద్రపు చేప ఎందుకు ప్రియం?

మన సంబరాలు ఎక్కువగా ఏప్రిల్ చివర, మే నెలలో ఉంటాయి. సరిగ్గా అప్పుడే తూర్పు తీరంలో మర పడవలతో చేపల వేటకు నిషేధం ఉంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలం కాబట్టి ఈ విరామం ఇస్తారు. పడమటి తీరంలో ఇది జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అంటే మే నెలలో హైదరాబాద్‌లో మీ ప్లేటులోకి వచ్చే వంజరం పడమటి తీరం నుంచి వచ్చి ఉండొచ్చు, లేదా ముందే పట్టి గడ్డకట్టించి నిల్వ చేసినది కావచ్చు. సరిగ్గా నిల్వ చేస్తే అందులో తప్పేమీ లేదు. కానీ తాజా చేప ధర పెట్టి ఫ్రోజెన్ చేప తినడం వేరు. "ఈరోజు తాజాగా వచ్చినవి ఏవి?" అని ముందే అడిగి, దాన్ని బట్టి ఆర్డర్ ఇవ్వండి. రొయ్యలకు ఈ ఇబ్బంది తక్కువ. కోస్తా జిల్లాల చెరువుల్లో వాటిని పెంచుతారు కాబట్టి నిషేధం రోజుల్లోనూ దొరుకుతాయి.

కొన్నిచోట్ల ఐస్ మీద పెట్టిన చేపలను చూపించి ఎంచుకోమంటారు. అక్కడ మీ అనుభవం పనికొస్తుంది. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. లోయర్ మానేరు డ్యామ్ దగ్గర గానీ, మీ ఊరి మార్కెట్‌లో గానీ చేప కొనేటప్పుడు మీరు చూసేవి ఇవే కదా!

బరువు లెక్క, బిల్లు లెక్క

పెద్ద చేపలకు, ఎండ్రకాయలకు మెనూలో ధర బదులు 'మార్కెట్ ప్రైస్' అనో, వంద గ్రాములకు ఇంత అనో ఉంటుంది. ఉదాహరణకు వంద గ్రాములకు 200 రూపాయలు అనుకుందాం. 900 గ్రాముల చేప అయితే 1,800 రూపాయలు. దానిపై 5 శాతం జీఎస్టీ 90 రూపాయలు, మొత్తం 1,890. ఈ లెక్క మీ పిల్లలతోనే చేయించండి. ఆర్డర్ ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి. చేప మొత్తం బరువెంత? ఆ బరువు శుభ్రం చేయకముందుదా, చేశాకనా?

మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. ఇక సర్వీస్ ఛార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించిన వ్యక్తి పని నచ్చితే టిప్ ఇవ్వడం మీ ఇష్టం.

ముల్లు, అలర్జీ: ఈ రెండూ మరవకండి

రవ్వ, బొచ్చె లాంటి చేపల్లో సన్నని ముళ్లు ఎక్కువ. వంజరం, కొర్రమీనుల్లో తక్కువ కాబట్టి చిన్నపిల్లలకు అవి నయం. గొంతులో ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగించే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానివల్ల ముల్లు ఇంకా లోతుగా దిగొచ్చు. నొప్పి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించండి.

రొయ్యలు, ఎండ్రకాయలు కొందరికి పడవు. మీ బిడ్డ ఎప్పుడూ తినకపోతే మొదటిసారి కొంచెమే పెట్టండి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తే వెంటనే ఆపండి. ఊపిరి ఆడటం కష్టమైతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంతకుముందే అలర్జీ ఉన్న పిల్లలైతే ఆ విషయం ఆర్డర్‌కు ముందే చెప్పండి. చేపను వేరే నూనెలో వేయించమనండి. ఎందుకంటే రొయ్యలు వేయించిన నూనెతోనూ ఇబ్బంది రావచ్చు.

చేత్తో తినొచ్చా?

నిరభ్యంతరంగా తినొచ్చు. ఎండ్రకాయ కాళ్లు, పొట్టుతో వండిన రొయ్యలు ఏ దేశం వాళ్లయినా చేత్తోనే తింటారు. చివర్లో నిమ్మచెక్క వేసి ఇచ్చే గోరువెచ్చని నీళ్లు వేళ్లు కడుక్కోవడానికి. ఫోర్క్ వాడాలనుకుంటే అది ఎడమ చేతిలో, కత్తి కుడి చేతిలో. పిల్లలకు ఇంతకన్నా ముఖ్యంగా నేర్పాల్సింది మరొకటి ఉంది. వడ్డించే అన్నయ్యతో "ప్లీజ్", "థాంక్యూ" అనడం, తినగలిగినంతే తెప్పించుకోవడం, అమ్మానాన్నలు ఒక మాట తప్పుగా పలికితే పదిమందిలో నవ్వకపోవడం. ఆ చివరిది మేము క్లాసులో చెబుతూనే ఉన్నాం. మీరు కూడా చెప్పండి.

ఈ నెల ఇంటిపని

హైదరాబాద్ వెళ్లే వీలు లేకపోయినా ఈ పని చేయించవచ్చు. మిరుగు రోజున మన ఇళ్లలో చేప తినడం ఆనవాయితీ. జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు బిడ్డను వెంట తీసుకుని మార్కెట్‌కు వెళ్లండి. అక్కడ కనిపించిన ప్రతి చేప పేరు తెలుగులో మీరు చెప్పండి, ఇంగ్లీష్‌లో వాళ్లు వెతికి రాయాలి. నానమ్మనో, అమ్మమ్మనో అడిగి చేపల పులుసు ఎలా చేస్తారో పది వాక్యాల్లో రాసి తేవాలి. స్కూలు తెరిచాక ఆ పేజీలను క్లాసులో చదివిస్తాం. రేపు ఏ రెస్టారెంట్‌కు వెళ్లినా ఆ మెనూ మీ ఇద్దరికీ కొత్తగా అనిపించదు.