దుప్పియు, జింకయు: ఒక నామవిచారము

మన యడవులలో ఒంటినిండ తెల్లని చుక్కలతో మందలుగా సంచరించు మృగమునకు తెలుగున దుప్పి యని పేరు. నేడు పెక్కుమంది దీనిని జింక యనియే వ్యవహరించుచున్నారు. 2014 లో తెలంగాణము రాష్ట్ర జంతువుగా స్వీకరించినది చుక్కల దుప్పినే యైనను, వాడిన పేరు జింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. పేరులనుబట్టి ఇవి దగ్గరి జ్ఞాతులని తోచును. కాని జంతుశాస్త్రరీత్యా ఇవి రెండు వేర్వేరు కుటుంబములకు చెందినవి.

ఈ భేదమును గుర్తించుటకు కొమ్ములే చాలును. మగదుప్పి కొమ్ము శాఖలు గలది. సాధారణముగా ఒక్కొక్క కొమ్మునకు మూడు మొనలుండును. అది గట్టి యెముక. ఏటేట రాలిపోయి, మెత్తని నూగుగల చర్మముతో మరల మొలచును. ముదిరిన పిమ్మట ఆ చర్మ మూడిపోవును. కృష్ణజింక కొమ్మునకు శాఖలు లేవు; మెలికలు తిరిగి యుండును. లోనియెముకపై గట్టి తొడుగు గల యీ కొమ్ము జీవితాంతము నిలుచును. ఈ విషయమున జింక, ఆవు మేకలకు చుట్టము.

దుప్పికి నిజమైన చుట్టములు వేరు. మన యడవులలో అన్నిటికంటె పెద్దది కణితి. కుక్కవలె మొరుగు చిన్నజాతి యొకటి గలదు. గంగా బ్రహ్మపుత్రా తీరముల పచ్చికబయళ్లలో పాఢా యను పొట్టిజాతియు, మధ్యభారతమున బారసింగాయు గలవు. కణితి యను పేరునకు కన్నడమున కడవె, తమిళమున కడమాన్ అనునవి సోదరపదములు. పొరుగుభాషల నడుమ పెరుగు తెలుగు బాలునకు ఇట్టి పోలిక మిక్కిలి యుపకరించును.

అయితే ఆ పొరుగుననే ఒక చిక్కును గలదు. తమిళమున దుప్పి పుళ్ళిమాన్. కన్నడమున చుక్కె జింకె. మాన్, జింకె యను సామాన్యపదములకు బాలుడు జింక యను మాటనే తెచ్చుకొనును. అప్పుడు దుప్పి యను మాట వాని నోట నిలువదు. మాటతోపాటు మన పూర్వులు చూచి యేర్పరచిన భేదమును మరుగున పడును.

దీనికి ప్రత్యక్షదర్శనమే తగిన ఉపాయము. చెన్నై నగరమునందలి గిండీ వనములో దుప్పులును, కృష్ణజింకలును ఒకేచోట నున్నవి. బందీపురము, ముదుమలై, సిమిలిపాల్, తాడోబా అడవులలో దుప్పులు గలవు. ఒడిస్సాలోని గంజాం పొలములలో కృష్ణజింకలు తిరుగును. చెట్టుపై కొండముచ్చులు రాల్చిన యాకులను క్రిందనున్న దుప్పులు మేయుటయు, పులి జాడ తెలిసినప్పుడు ఒకదాని కేకకు రెండవది జాగరూకమగుటయు చూడదగినవి.

రాలు కొమ్ములది దుప్పి, రాలని కొమ్ములది జింక. ఈ యొక్క సూత్రము పాఠశాలలో నిలిచినచో రెండు మాటలును నిలుచును.