ఏడవని బిడ్డ ఒళ్లు తాకి చూడండి

జ్వరం వచ్చిన పసిబిడ్డను ఇల్లంతా కనిపెట్టుకుని ఉంటుంది. ఒళ్లు చల్లబడుతున్న బిడ్డను మాత్రం ఎవరూ గమనించరు. ఆ బిడ్డ గట్టిగా ఏడవదు, పాలు సరిగా తాగదు, మగతగా పడి ఉంటుంది. ‘ఎంత నెమ్మదైన బిడ్డో’ అని పెద్దలు మురిసిపోయేది ఒక్కోసారి అప్పుడే.

ఇది చలిదేశాల సమస్య అనుకుంటే పొరపాటు. నేపాల్‌లోని సర్లాహి జిల్లా బీహార్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం. వేసవిలో అక్కడ ఎండలు మండిపోతాయి. పరిశోధకులు ఆ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి 23 వేలకు పైగా నవజాత శిశువుల చంకలో ఉష్ణోగ్రత కొలిచారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగినవారే. వేసవిలో పుట్టినవారూ ఇందుకు మినహాయింపు కాలేదు. ఒళ్లు ఎంత చల్లబడితే ప్రాణానికి ముప్పు అంత పెరిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో శిశువుకు 36.5 నుంచి 37.5 డిగ్రీలు, అంటే 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్, సరైన వేడి. 36 కంటే తగ్గితే ప్రమాదం, 32 కంటే తగ్గితే ప్రాణాపాయం. అయితే పాతకాలపు పాదరసం థర్మామీటరులో గీతలు సాధారణంగా 35 దగ్గరే మొదలవుతాయి. అంతకంటే చల్లబడిన బిడ్డ సంగతి అది చెప్పనే చెప్పదు! జ్వరం కోసం చేసిన పరికరం కదా. అందుకే తక్కువ వేడిని కూడా చూపే థర్మామీటరు కావాలి.

అది దొరకని చోట చేయే ఆధారం. బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే, శరీరం చలితో పెనుగులాడుతోందని అర్థం. వెంటనే తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పి, పాలు పట్టాలి. పొట్ట కూడా చల్లబడితే అలాగే హత్తుకుని ఆసుపత్రికి బయలుదేరాలి. కొద్దిపాటి తగ్గుదల చేతికి అందకపోవచ్చు కనుక, థర్మామీటరు ఉన్న ఇంట్లో చేతిని మాత్రమే నమ్మరాదు.

మన ఇళ్లలో మరో ఆత్రుత ఉంది: అజాన్ వినిపించే ముందే బిడ్డకు స్నానం చేయించాలని. అజాన్‌కు ఆ స్నానం షరతు కాదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, స్నానం కనీసం 24 గంటలు ఆగవచ్చు.

ఆశా కార్యకర్త సంచిలో డిజిటల్ థర్మామీటరు ఉంటుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ చంకలో పెట్టించి, శబ్దం వచ్చేవరకు చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని, కనిపించిన అంకెను అడిగి రాసుకోండి.