ముందుగా కూర్చిన కేబుళ్లు



విజయవాడనుండి హైదరాబాదు పోవు బాటలో ఇబ్రహీంపట్నముకడ నింగినంటు పొగగొట్టములను చూడనివారు మన ప్రాంతమున అరుదు. అది డాక్టరు నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము. 1979లో 210 మెగావాట్ల మొదటి యూనిట్‌తో ఆరంభమై, 2023లో 800 మెగావాట్ల ఎనిమిదవ యూనిట్ చేరుటతో మొత్తము 2,560 మెగావాట్లకు ఎదిగినది. అందలి బొగ్గును గూర్చి, ఆవిరిని గూర్చి, టర్బైనును గూర్చి పలువురు చెప్పియున్నారు. నేడు నేను చెప్పబూనినది అంతకంటె మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. అది కంట్రోలు పానెలు అనెడి ఇనుపబీరువాలోపలి తీగ.

బాయిలరులో మంట నిలిచియున్నదా, డ్రమ్ములో నీరెంత మట్టమున నున్నది, ఏ బేరింగు ఎంత వేడెక్కినది - ఇట్టి వార్తలు వేలకొలది ఒక్కొక్క యూనిట్‌నుండి పానెళ్లకు చేరుచుండును. పానెలులో మాడ్యూళ్లను చిన్న పెట్టెలు వరుసగా నిలిచి, కొన్ని వార్తలను గైకొనును, కొన్ని ఆజ్ఞలను పంపును. ఒక్కొక్క మాడ్యూలు సాధారణముగా 16 గాని 32 గాని వార్తలను మోయును. కొండపల్లి పారిశ్రామికవాడలోని చిన్న కర్మాగారములందును, కొలత వేరైనను, పద్ధతి ఇదియే.

బయటినుండి వచ్చిన తీగ మొదట టెర్మినల్ వరుసకు చేరును. అచటినుండి మాడ్యూలుకు మరియొక తీగ పోవలెను. ఈ రెండవ తీగయే నేటి విషయము. చేతిపనిలో వైర్‌మాన్ దానిని కొలిచి కోయును, చివర తొడుగు ఒలుచును, అంకె గల ఫెర్రూలు తొడుగును, లగ్గు పెట్టి నొక్కును, మరలో దూర్చి బిగించును. తీగకు రెండు కొనలు గనుక 32 తీగలకు 64 మార్లు ఈ పని చేయవలెను. ఇరువది మాడ్యూళ్లున్న పానెలులో కొనలు 1,280. (ఫెర్రూలు, లగ్గు అను మాటలకు సంస్కృతపదములు కల్పింపుమని నన్ను కోరినవారు గలరు. పనివాడు పలుకు మాట ఉండగా మనము మరియొకటి కల్పించుట యెందులకు?)

ముందుగా కూర్చిన కేబులులో ఈ 32 తీగలును కర్మాగారముననే ఒక్క తొడుగులో ఇమిడ్చి, ఒక కొనను మాడ్యూలుకు తగిన కనెక్టరును, రెండవ కొనను టెర్మినల్ పలకకు తగిన కనెక్టరును అమర్తురు. పానెలువద్ద చేయవలసినది రెండుచోట్ల నొక్కుటయే. వ్యాకరణము చదివినవారికి ఇది సమాసమని చెప్పిన చాలును. విడివిడి పదములకు వేర్వేరు విభక్తులు తగిలించు శ్రమ పోయి, అంతయు ఒక్క పదమై నిలుచును.

కాలము కలిసివచ్చుట ఒక లాభమే గాని, నా దృష్టిలో ముఖ్యమైనది వేరు. 32 తీగలలో ఏ రెండైనను పరస్పరము తారుమారగుటకు 496 మార్గములున్నవి. రెండు బేరింగుల ఉష్ణోగ్రత తీగలు మారినవనుకొందము. రెండును చల్లగా నున్నంత కాలము ఎవరికిని తెలియదు. ఒకటి కాగిననాడు అలారము మ్రోగును. మనుష్యులు పరుగెత్తి మంచి బేరింగును తడవి చూతురు, చెడ్డది కాగుచునే యుండును. అట్లే మూడవ బెల్టు ఆగినదని చూపవలసిన దీపము నాలుగవ బెల్టు ఆగినపుడు వెలిగినచో? దీపమును మాత్రమే నమ్మి యంత్రములో చేయి పెట్టరాదు, స్విచ్చి తీసి తాళము వేయవలెనన్నది నియమమే. ఐనను అబద్ధమాడు దీపము ప్రాణాంతకమే. 800 మెగావాట్ల యూనిట్ నిండు శక్తితో నడుచుచు ఒక్క గంట నిలిచిన, ఎనిమిది లక్షల యూనిట్ల విద్యుత్తు ఉత్పత్తి కాక పోవును.

కర్మాగారమున కూర్చిన కేబులును పరీక్షాయంత్రమున పెట్టి, ప్రతి తీగ తన కొననుండి తన కొనకే చేరుచున్నదా, పక్కతీగను తాకుచున్నదా అని చూతురు. వేదమును క్రమపాఠముగా, ఘనపాఠముగా వల్లించి అక్షరము జారకుండ కాచిన మన పెద్దల జాగ్రత్తకు ఇది దూరపు చుట్టము.

ఇంతమాత్రమున దీనిని ఎల్లచోట్ల వాడుడని చెప్పను. ఇందలి తీగలు సన్నము. 0.14 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ మీటరుకు సుమారు 0.12 ఓము నిరోధము చూపును. పది మీటర్ల కేబులులో పోక రాక కలిపి ఇరువది మీటర్లు, అనగా రెండున్నర ఓములు. అర ఆంపియరు ప్రవహించిన, 24 వోల్టులలో ఒకటింబాతిక వోల్టు దారిలోనే హరించును. పెక్కు ఆజ్ఞలు తిరిగివచ్చు ఉమ్మడితీగమీద భారము ఇంకను హెచ్చు. కావున పెద్ద కాంటాక్టరులను, సొలినాయిడ్లను ఈ సన్నతీగతో నేరుగా నడుపక, నడుమ రిలే పలకను పెట్టి, బరువును మరియొక లావుతీగపై వేయవలెను. 4 మొదలు 20 వరకు మిల్లీ ఆంపియర్లలో కొలతను తెచ్చు వార్తలకు కవచము గల కేబులే కావలెను. ఒకటి రెండు మాడ్యూళ్లు మాత్రమే గల చిన్న పానెలుకు చేతిపనియే చౌక.

మరియొకటి కలదు. బాయిలరును ఆపివేయునంతటి ఆజ్ఞలకు ఒక్క సాధనమును నమ్మక మూడు పెట్టి, రెండు ఏకీభవించిననే నిర్ణయింతురు. మూడింటి తీగలును ఒకే కేబులులో, ఒకే మాడ్యూలుకు తెచ్చిరా, ఆ కనెక్టరు ఒక్కటి ఊడిన మూడు సాక్ష్యములును ఒక్కమారుగా పోవును. ఒకే నోట పలుకు ముగ్గురు సాక్షులను పెట్టిన వ్యాజ్యమువంటిది అది. మూడింటికి మూడు మాడ్యూళ్లు, మూడు కేబుళ్లు ఉండవలెను. అమర్చుట సులువైనకొలది ఈ విభజన మరుగుపడునని నా భయము.

సమాసమునకు విగ్రహవాక్యము తెలియనిదే అర్థము కాదు. అట్లే ఈ కేబులులో ఏ తీగ ఏ రంగుది, ఏ పిన్నునుండి ఏ పిన్నుకు పోవును అను పట్టిక పానెలు తలుపులోపల అంటించి యుండవలెను. ఒక్క తీగ తెగిన కేబులంతయు మార్చుట మేలు. అందులకు ప్రతి పొడవునకు ఒకటి నిలువయుంచవలెను. చాలని పొడవుదానిని లాగి బిగించిన కనెక్టరు సడలును. మిగిలినదానిని మోటారు డ్రైవులప్రక్కన చుట్టలు చుట్టరాదు. బొగ్గుపొడి, బూడిద ఎగురుచోట కనెక్టరు మూతను బిగించు క్షణమువరకు తీయరాదు. ఎలుకలనుగూర్చి నేను చెప్పనక్కరలేదు, పానెలు అడుగురంధ్రములు మూయనివారికి అవియే చెప్పును.

దీనివలన వైర్‌మాన్ కూడు పోవునా అని కొందరు అడుగుచున్నారు. పానెలులోపలి పని కొంత తగ్గు మాట నిజము, దానిని దాచి లాభము లేదు. కాని క్షేత్రమునుండి టెర్మినల్ వరుసకు వచ్చు తీగ ఇప్పటికిని చేతితో కట్టవలసినదే. తప్పు పట్టుకొనుటయు మనుష్యుని పనియే.

ఏలయనగా ఈ కేబుళ్లలో ఒక కొత్తరకపు తప్పు పొంచియున్నది. ఇరువురు తయారీదారుల కనెక్టరులు చూపునకు ఒక్కటే అయి, లోపలి పిన్నుల వరుస వేరుగా నుండవచ్చును. నొక్కిన సరిగా కూర్చుండును, 32 వార్తలును ఒక్కమారుగా తప్పును. చేతిపనిలోని తప్పు చెదురుమదురుగా నుండును గనుక ఒకటి రెండు తీగలు చూచి ఊరకుండరాదు. దీనియందును ఊరకుండరాదు. కావున తక్కువ వెలకు దొరకినదని వేరొక కేబులు తెచ్చిననాడు, మొదట విద్యుత్తు తీసి, పట్టికను ముందుంచుకొని, మీటరుతో పిన్ను పిన్నుకు చూడవలెను. తరువాత క్షేత్రములో ఒక్కొక్క స్విచ్చిని ఒకరు కదల్చుచుండగా, పానెలువద్ద రెండవవారు ఆ దీపమే వెలిగినదా అని గట్టిగా పలికి, కాగితముపై గుర్తు పెట్టవలెను. ముప్పదిరెండును ముగిసిన పిదపనే యంత్రమును వారికి అప్పగింపవలెను.